వరసలో నిలబడలేనివారు



డిస్నీ ప్రయాణం మాట వచ్చినప్పుడు మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో రెండు మాటలు తరచుగా వినబడతాయి. మొదటిది హాల్లో, గట్టిగానే వినబడుతుంది. "అమ్మగారికి ఒక వీల్‌చెయిర్ తీసుకోండి, లైన్లో నిలబడే పనే ఉండదు." రెండోది వంటింట్లో, గొంతు తగ్గించి అనే మాట. "మావాడితో అక్కడ కుదరదు వదినా. లైన్లో అయిదు నిమిషాలు ఉండలేడు. మేం వెళ్ళం."

ఈ రెండు మాటలకీ సంబంధం ఉంది. మొదటి మాట ఎక్కువైన కొద్దీ, రెండో మాట అన్న తల్లికి తలుపు ఇరుకవుతూ వచ్చింది. పేపర్లలో ఎక్కువగా వచ్చిన కథ ఇదే. అయితే ఇది సగం కథ. మిగతా సగం ఏమిటంటే, పార్కుల వాళ్ళు ఎదురుచూసే సమయాన్నే ఒక సరుకు చేసి అమ్మడం మొదలుపెట్టారు. అమ్మకం మొదలయ్యాక, ఉచితంగా వెళ్ళేవాళ్ళ మీద నిఘా పెరగక తప్పదు. ఈవారం ఆ చరిత్ర కొంచెం చెప్పుకుందాం. ముందే చెప్తున్నాను, నేను కంప్యూటర్ల వాణ్ణి, వకీలుని కాదు. దీన్ని చట్టసలహాగా తీసుకోకండి.

కాలిఫోర్నియాలోని అనాహైమ్ అనే ఊళ్ళో డిస్నీలాండ్ 1955 జులై 17న మొదలైంది. ఆరోజు ఆహ్వానం ఉన్నవాళ్ళకే ప్రవేశం. అయినా నకిలీ టికెట్లు పట్టుకుని వేలమంది లోపలికి వచ్చేశారు. దొడ్డిదారిన వెళ్ళాలనే బుద్ధిదీ, ఆ పార్కుదీ ఒకటే వయసన్నమాట. కొన్ని నెలలకే అక్కడ టికెట్ల పుస్తకాలు వచ్చాయి. చిన్న రైడ్లకి ఏ టికెట్టు, తర్వాత బీ, సీ. పెద్ద రైడ్లకి ఈ టికెట్టు 1959లో వచ్చింది. పుస్తకంలో ఈ టికెట్లు కొన్నే ఉండేవి. అవి అయిపోతే మళ్ళీ కొనుక్కోవాలి. కాబట్టి ఏ రైడు ఎక్కాలో జనం ఆలోచించుకుని ఎక్కేవారు. లైన్లు అప్పుడూ ఉండేవి, కానీ రద్దీని కొంతవరకు ధరే అదుపు చేసేది.

1982లో ఈ పుస్తకాలు తీసేశారు. గేటు దగ్గర ఒకసారి డబ్బు కడితే లోపల ఎన్నిసార్లు ఏ రైడైనా ఎక్కొచ్చు. జనానికి బాగా నచ్చింది. కానీ ధర చేసే పని ఇంకేదో చెయ్యాలి కదా! ఆ పని సమయం చేసింది. గంట నిలబడగలిగినవాడికి గంట లైనున్న రైడు, రెండు గంటలు నిలబడగలిగినవాడికి రెండు గంటల రైడు. అంటే లోపల చెల్లే నాణెం కాళ్ళ ఓపిక అయింది. ఆ నాణెం జేబులో లేనివాళ్ళు కొందరుంటారు. గేటు దగ్గర మాత్రం వాళ్ళూ అందరితో సమానంగా డబ్బు కట్టే లోపలికి వస్తారు. ఈ ప్రసంగం అంతా వాళ్ళ గురించే.

ఈ మాటలు వింటుంటే మీకు తిరుమల గుర్తుకొచ్చే ఉంటుంది. వైకుంఠం క్యూ కాంప్లెక్సు కంపార్టుమెంట్లలో కూర్చున్నవాళ్ళకి ఎవరూ క్యూ సిద్ధాంతం నేర్పక్కర్లేదు. ఉచిత సర్వదర్శనం లైనొకటి, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశం ఒకటి, పెద్దమనుషుల బ్రేక్ దర్శనం ఒకటి, వృద్ధులకీ వికలాంగులకీ వేరే, చంటిపిల్లల తల్లిదండ్రులకి వేరే. దేవుడు ఒక్కడే, తలుపులు చాలా. డిస్నీ వాళ్ళు కంప్యూటర్లు పెట్టి చేరుకున్న చోటికి మనవాళ్ళు వాళ్ళ దారిన వాళ్ళు చేరుకున్నారు.

సరే, వీల్‌చెయిర్ సంగతికి వద్దాం. పాతకాలపు రైడ్ల క్యూలు మెలికలు తిరుగుతూ, మెట్లతో, ఇరుకు మలుపులతో ఉండేవి. వీల్‌చెయిర్ పట్టేది కాదు. అందుకని వీల్‌చెయిర్లో వచ్చినవాళ్ళని జనం బయటికొచ్చే దారి నుంచి లోపలికి పంపేవారు. అంటే వాళ్ళని ముందు పంపాలన్న దయతో పెట్టిన ఏర్పాటు కాదది. ముందు తలుపు వాళ్ళకి సరిపోదు కాబట్టి వెనక తలుపు చూపించారు, అంతే. కానీ వెనక తలుపు దగ్గర లైను ఉండదు. చూసేవాళ్ళకి అది అదృష్టంలా కనబడింది. "లైను ఉండదట" అన్న పుకారు పుట్టింది ఇక్కడే. కట్టడంలోని లోపాన్ని కప్పిపుచ్చడానికి చేసిన ఏర్పాటు, కొన్నాళ్ళకి ప్రత్యేక హోదాగా పేరు తెచ్చుకుంది.

ఇక చట్టం సంగతి. ఈ దేశంలో వైకల్యం ఉన్నవాళ్ళకి హక్కులు ఎవరో పిలిచి ఇచ్చినవి కావు. 1973 పునరావాస చట్టంలో 504 అనే సెక్షను పెట్టారు. కేంద్రప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ సంస్థా వైకల్యం కారణంగా ఎవరినీ దూరం పెట్టకూడదని దాని సారం. చట్టమైతే వచ్చింది గానీ అమలు నిబంధనల మీద సంతకం పెట్టడానికి నాలుగేళ్ళు ఎవరికీ చెయ్యి రాలేదు. 1977 ఏప్రిల్ 5న శాన్‌ఫ్రాన్సిస్కోలో జూడీ హ్యూమన్ వంటి నాయకులతో వందమందికి పైగా ఫెడరల్ ఆఫీసులోకి వెళ్ళి కూర్చున్నారు. చక్రాల కుర్చీల వాళ్ళు, చూపులేని వాళ్ళు, వినబడని వాళ్ళు, మందులు వేసుకోకపోతే ప్రాణం మీదకి వచ్చేవాళ్ళు. మూడు వారాలు దాటినా కదల్లేదు. బ్లాక్ పాంథర్ పార్టీ వాళ్ళు వేడివేడి భోజనాలు తెచ్చి పెట్టారు. ఏప్రిల్ 28న సంతకం పడింది.

అది కూడా ప్రభుత్వ సొమ్ము ముట్టిన చోటే. హోటలు, సినిమాహాలు, వినోదాల పార్కు లాంటి ప్రైవేటు వ్యాపారాలకి అది తగల్దు. వాటి కోసం ఇంకో పదమూడేళ్ళు పట్టింది. 1990 మార్చి 12న వాషింగ్టన్లో కేపిటల్ భవనం ముందు పదుల సంఖ్యలో ఉద్యమకారులు కుర్చీలు, ఊతకర్రలు కింద పెట్టేసి, ఆ రాతిమెట్ల మీద చేతులతో పాకుతూ పైకెక్కారు. వాళ్ళలో జెనిఫర్ కీలన్ అనే ఎనిమిదేళ్ళ పిల్ల ఉంది. ఆ ఫొటోలు ఇప్పటికీ చూడలేం. ఆ ఏడాది జులై 26న పెద్ద బుష్ గారు అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ చట్టం మీద సంతకం పెట్టారు. అందరూ ఏడీఏ అంటారు. అందులో మూడో భాగం ప్రైవేటు వ్యాపారాలకి వర్తిస్తుంది. ఆ జాబితాలో అమ్యూజ్‌మెంట్ పార్కు అన్న మాట పేరు పెట్టి మరీ ఉంది. 1992 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది.

ఈ చట్టం వికలాంగుల్ని ముందు పంపండి అని ఎక్కడా అనలేదు. ఇది చాలామందికి తెలియదు. అది అన్నది ఏమిటంటే, మీ పద్ధతుల వల్ల ఒక మనిషి అందరిలా ఆ సౌకర్యం అనుభవించలేకపోతే, ఆ పద్ధతిలో అవసరమైన, సబబైన మార్పు చెయ్యండి, కానీ మీ వ్యాపారం మూలస్వభావమే మారిపోయేంత మార్పు చెయ్యనక్కర్లేదు. ఎంత మార్పు అవసరం? ఎక్కడ మూలస్వభావం మారిపోతుంది? ముప్పై ఏళ్ళ కోర్టు కేసులన్నీ ఈ రెండు ప్రశ్నల చుట్టూ తిరిగాయి.

పార్కుతో సంబంధం లేకపోయినా ఒక కేసు చెప్పుకోవాలి. కేసీ మార్టిన్ అనే గోల్ఫ్ ఆటగాడికి కాలిలో రక్తప్రసరణ జబ్బు. కోర్సంతా నడవలేడు. బండి మీద వెళ్ళనివ్వమన్నాడు. నడవడం ఆటలో భాగం, అతనికి బండి ఇస్తే ఆటే మారిపోతుంది అంది గోల్ఫ్ సంఘం. 2001లో సుప్రీంకోర్టు ఏడుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా మార్టిన్ పక్షాన తీర్పిచ్చింది. ఆట అంటే బంతిని కొట్టడం, నడక కాదు అంది. ఇప్పుడు పార్కుకి ఆ ప్రశ్న వేసి చూడండి. పార్కుకి వెళ్ళడం అంటే రైడు ఎక్కడమా, లైన్లో నిలబడటమా? నిలబడటానికి ఎవరూ టికెట్టు కొనరు. కానీ నిలబడినవాళ్ళ వరస మీదే ఆ వ్యాపారం మొత్తం నడుస్తోంది. చిక్కంతా అక్కడే ఉంది.

ఏడీఏ తర్వాత కట్టిన రైడ్లలో క్యూలు వెడల్పు చేశారు. వీల్‌చెయిర్ అందరితో పాటే వరసలో వెళ్ళేలా కట్టారు. ఇది మంచి మార్పే. నిజమైన సమానత్వం అదేనన్నవాళ్ళూ ఉన్నారు. కానీ దాంతో అసలు ప్రశ్న వీల్‌చెయిర్ నుంచి ఇంకోవైపు మళ్ళింది. కాళ్ళు బాగానే ఉండి, నిలబడలేనివాళ్ళ సంగతేమిటి? ఆటిజం ఉన్న పిల్లవాడు, మూర్ఛ ఉన్నవాడు, పేగుల జబ్బుతో అయిదు నిమిషాల ముందస్తు కబురు లేకుండా బాత్రూముకి పరిగెత్తాల్సిన మనిషి, ఎండకి పడిపోయే గుండెజబ్బు మనిషి.

వీళ్ళ కోసం డిస్నీలో గెస్ట్ అసిస్టెన్స్ కార్డు అని ఒకటి ఉండేది. 2013 దాకా నడిచింది. గేటు దగ్గర గెస్ట్ రిలేషన్స్ అనే ఆఫీసుకి వెళ్ళి ఇబ్బంది చెప్తే కార్డు ఇచ్చేవారు. కాగితాలు అడిగేవారు కాదు. చాలాసార్లు ఆ కార్డు చూపిస్తే వేరే దారిన వెంటనే ఎక్కించేవారు.

మనలాంటి వాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. ఆంధ్రాలో, తెలంగాణలో వైకల్యం అంటే ముందు గుర్తొచ్చేది సదరం సర్టిఫికెట్టు. క్యాంపు దగ్గర పొద్దున్నించి నిలబడి, డాక్టరు చేత శాతం వేయించుకోవాలి. నలభై శాతం దాటితే మీరు వికలాంగులు, ముప్పై తొమ్మిదైతే కారు. నిలబడలేనని నిరూపించుకోవడానికి నిలబడాలి! అలాంటి చోట నుంచి వచ్చినవాళ్ళకి, మాట చెప్తే నమ్మి కార్డు ఇవ్వడం అనేది అయితే గొప్ప సంస్కారంలా కనబడుతుంది, లేకపోతే పెద్ద అమాయకత్వంలా. నిజానికి రెండూ కాదు. నమ్మడం వల్ల పోయేది తక్కువైనంత కాలం ఏ వ్యాపారమైనా నమ్ముతుంది.

నమ్మడానికి అయ్యే ఖర్చు పెరగడం 1999లో మొదలైంది. ఆ ఏడాది ఫ్లోరిడాలోని యానిమల్ కింగ్‌డమ్‌లో ఫాస్ట్‌పాస్ అనే పద్ధతి పెట్టారు. రైడు దగ్గర మిషన్లో మీ టికెట్టు పెడితే, ఫలానా గంటలో రండి అని ఒక చీటీ ఇస్తుంది. ఈలోపు మీరు తిరగండి, తినండి, ఏదన్నా కొనుక్కోండి. ఆ గంటకి వస్తే పక్కలైన్లోంచి పంపుతారు. ఉచితం, అందరికీ. దాదాపు అదే కాలంలో సిక్స్ ఫ్లాగ్స్ వాళ్ళు క్యూబాట్ అని ఒక చిన్న పరికరం అద్దెకివ్వడం మొదలుపెట్టారు. అది డబ్బుకి.

ఇక్కడ నా వృత్తి లెక్క కొంచెం చెప్పనివ్వండి. క్యూల లెక్క మొదట వేసింది మా కంప్యూటర్ల వాళ్ళు కాదు. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే ఆయన 1909లోనే టెలిఫోన్ కాల్స్ మీద ఆ పని మొదలుపెట్టాడు. మనకి అంత లోతు అక్కర్లేదు. ఒక రైడు గంటకి 1500 మందిని ఎక్కించగలదనుకోండి. మీ ముందు 750 మంది ఉన్నారు. అరగంటలో ఎక్కుతారు. ఇప్పుడు పక్కన రెండో తలుపు తెరిచి, గంటకి వెయ్యిమందిని అటునుంచి పంపుతున్నారనుకోండి. మీ లైనుకి మిగిలింది గంటకి 500 సీట్లు. మీ ముందు అదే 750 మంది, అదే రైడు, కానీ ఇప్పుడు గంటన్నర పడుతుంది.

ఆ రెండో తలుపులోంచి వెళ్తున్నది ఎవరన్నది లెక్కకి అనవసరం. జబ్బు పిల్లవాడైనా, డబ్బు కట్టినవాడైనా, మంత్రిగారి బావమరిదైనా ఒక సీటు ఒక సీటే. కానీ ఎండలో నిలబడ్డవాడి కంటికి ఆనేది మాత్రం వీల్‌చెయిరూ, కార్డు చూపించే తల్లీ. డబ్బు కట్టినవాడి నుదుటి మీద ఏమీ రాసి ఉండదు. అందుకే కోపం ఎప్పుడూ కార్డువాళ్ళ మీదకే పోయింది.

2013 మే నెలలో న్యూయార్క్ పోస్ట్ పత్రిక ఒక కథనం వేసింది. మన్‌హాటన్లో బాగా డబ్బున్న కొందరు తల్లులు, వైకల్యం ఉన్న గైడ్లని గంటకి 130 డాలర్లు ఇచ్చి అద్దెకి తెచ్చుకుని, వాళ్ళ పేరు మీద పిల్లలతో సహా లైన్లు దాటేస్తున్నారని ఆ కథనం. దేశమంతా ఛీ అంది. ఎంతమంది అలా చేశారో ఏమో గానీ, కార్డులు అమ్ముకుంటున్నారన్న వార్తలూ వచ్చాయి. తర్వాత కోర్టు కాగితాల్లో డిస్నీ ఇంజనీర్ల లెక్క ఒకటి బయటపడింది. టాయ్ స్టోరీ మేనియా రైడు దగ్గర చూస్తే, పార్కుకి వచ్చిన జనంలో కార్డున్నవాళ్ళు 3.3 శాతం, ఫాస్ట్‌పాస్ లైన్లో మాత్రం వాళ్ళు 30 శాతం. దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. మోసం అనొచ్చు. లేదా, ఆటిజం ఉన్న పిల్లవాడికి ఒక్కటే రైడు నచ్చి రోజంతా అదే ఎక్కుతాడు కాబట్టి అనొచ్చు. అంకె ఒక్కటే ఏది నిజమో చెప్పదు.

మనవాళ్ళ సంగతి కూడా ఇక్కడే అనేస్తాను. హైదరాబాదు నుంచి వచ్చే విమానాల దగ్గర ఎన్ని వీల్‌చెయిర్లు వరసగా ఉంటాయో మీరందరూ చూశారు. అందులో సగంమంది దిగగానే మనవణ్ణి ఎత్తుకుని నడుస్తారని జోకులు వేస్తాం. నన్నడిగితే అది పూర్తిగా మోసం కాదు. ఇంగ్లీషు రాని డెబ్బై ఏళ్ళ అమ్మ దోహాలోనో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఒక్కతే విమానం మారాలి. ఆవిడకి కావలసింది చక్రాలు కాదు, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళే మనిషి. ఆ సేవకి కౌంటర్లో వేరే పేరు లేదు కాబట్టి వీల్‌చెయిర్ అంటున్నాం. దానికి అర్థం ఉంది. కానీ అదే అలవాటుతో పార్కుకి వచ్చి, నడవగలిగిన అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి ఎనిమిదిమంది వెనకాల నడవడం వేరే సంగతి. అక్కడ దారి తెలియక కాదు, లైను ఇష్టంలేక. ఆ రెంటికీ తేడా మన మనసుకి తెలుస్తూనే ఉంటుంది.

2013 అక్టోబరు 9న డిస్నీ పాత కార్డు తీసేసి డిజెబిలిటీ యాక్సెస్ సర్వీస్ పెట్టింది. డాస్ అంటారు. ఇప్పుడు వెంటనే ఎక్కించరు. రైడు దగ్గర ప్రస్తుతం గంట లైను ఉంటే, సుమారుగా గంట తర్వాతి టైము ఇస్తారు. ఆ గంట మీరు లైన్లో కాకుండా ఎక్కడైనా గడపొచ్చు. ఒక టైము వాడుకున్నాకే ఇంకోటి. కార్డు మీద ఫొటో. ప్రాణాపాయం జబ్బులతో స్వచ్ఛంద సంస్థల ద్వారా వచ్చే పిల్లల్ని మాత్రం ఈ మార్పు నుంచి మినహాయించారు.

కాగితం మీద చూస్తే ఇది చాలా న్యాయమైన ఏర్పాటు. ఎదురుచూపు అందరికీ ఒకటే, నిలబడే చోటు ఒకటే తేడా. పేగుల జబ్బు మనిషికి, గుండెజబ్బు మనిషికి ఇది సరిగ్గా సరిపోయింది. కానీ కొందరు పిల్లలకి ఎక్కడ నిలబడుతున్నామన్నది సమస్య కాదు. రైడు కళ్ళెదురుగా కనబడుతోంది, దగ్గరికి వెళ్ళాం, ఎక్కకుండా వెనక్కి తిరిగాం. ఇది ఎందుకో వాడికి అర్థం కాదు. "గంటాగి వద్దాం నాన్నా" అన్న మాటలో గంట అంటే ఏమిటో తెలియదు. అప్పుడు వచ్చే ఏడుపు అల్లరి కాదు. తల నేలకి కొట్టుకునేదాకా వెళ్తుంది. చుట్టూ జనం చూస్తుంటారు. "పెంపకం" అని గొణుగుతారు. తెలుగులో గొణిగితే ఇంకా బాగా వినబడుతుంది.

2014 నుంచి ఇలాంటి కుటుంబాలు చాలా కేసులు వేశాయి. వాటిలో బాగా దూరం వెళ్ళినది ఏ.ఎల్. అనే పొడి అక్షరాలతో నమోదైన ఒక యువకుడి కేసు. ఆటిజం ఉన్న అతను మ్యాజిక్ కింగ్‌డమ్‌లో రైడ్లన్నీ ఒకే వరసక్రమంలో ఎక్కాలి. ఆ క్రమం తప్పితే రోజంతా తప్పినట్టే. ముందు ఓడిపోతే, 2018లో పదకొండో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ తీర్పు పక్కన పెట్టి, అతనికి ఈ ఏర్పాటు సరిపోతుందో లేదో విచారణ జరిపి తేల్చాల్సిందే అంది. విచారణ 2020లో జరిగింది. జడ్జి ఆన్ కాన్వే డిస్నీ పక్షాన తీర్పిచ్చారు. అడిగినట్టు వెంటనే ఎక్కే పాసులు అందరికీ ఇస్తే, సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్ రైడు దగ్గర మామూలు లైను 69 నిమిషాల నుంచి 108 నిమిషాలకి పెరుగుతుందన్న లెక్క ఆ కేసులో వచ్చింది. అది పార్కు స్వభావాన్నే మార్చేస్తుందన్నారు. 2022లో అప్పీలు కోర్టు కూడా సరేనంది.

ఆ 108 నిమిషాల లెక్క తప్పని నేను అనను. మన 1500, 500 లెక్క లాంటిదే అది. కానీ తర్వాత ఏం జరిగిందో చూడండి.

2020లో కోవిడ్‌కి పార్కులు మూసినప్పుడు ఉచిత ఫాస్ట్‌పాస్ ఆగిపోయింది. మళ్ళీ రాలేదు. 2021 అక్టోబరులో ఫ్లోరిడాలో దాని బదులు జీనీ ప్లస్ అని వచ్చింది, మనిషికి రోజుకి 15 డాలర్లు. ఇరవై ఏళ్ళు ఉచితంగా ఉన్న రెండో తలుపుకి ఆరోజు నుంచి ధర వచ్చింది. తర్వాత పేర్లు మారాయి, ధరలు పెరిగాయి. 2024 చివర్లో, టైముతో పని లేకుండా ఒక్కో రైడు ఒక్కోసారి ఎప్పుడంటే అప్పుడు ఎక్కే ప్రీమియర్ పాస్ వచ్చింది. రద్దీ రోజుల్లో ఒక్క మనిషికి 400 డాలర్లు కూడా దాటింది. రెండో తలుపులోంచి జనం వెళ్తే మొదటి లైను పొడుగవుతుందన్న లెక్క ఈ పాసులకీ వర్తిస్తుంది. కానీ ఇది పార్కు స్వభావాన్ని మార్చేస్తుందని పార్కు అనలేదు. అనదు కూడా.

తలుపుకి ధర వచ్చాక, ఉచితంగా అటు వెళ్ళే ప్రతి మనిషీ పోయిన రాబడిగా కనబడతాడు. ఇటువైపు జనానికి కూడా అది ఉచితంగా దొరికే ఖరీదైన వస్తువైంది. డాస్ అడిగేవాళ్ళు విపరీతంగా పెరిగారని డిస్నీ అంది. అందులో ఆశ్చర్యం ఏముంది? ఉచితంగా ఉన్నప్పుడు అబద్ధం ఆడాల్సిన అవసరం తక్కువ. 2024 మే 20న ఫ్లోరిడాలో, జూన్ 18న కాలిఫోర్నియాలో నిబంధనలు బిగించారు. ఆటిజం, దానివంటి ఎదుగుదలకి సంబంధించిన వైకల్యం వల్ల మామూలు లైన్లో ఎక్కువసేపు ఉండలేనివారికే డాస్ అన్నారు. వీడియో కాల్లో మాట్లాడాలి. అవసరమైతే బయటి వైద్యసిబ్బంది కూడా ఆ కాల్లోకి వస్తారు. అబద్ధం అని తేలితే పార్కులోకి శాశ్వతంగా రానివ్వరు.

అంటే ఇన్నేళ్ళుగా డాస్ వాడుకున్న పేగుల జబ్బు మనిషి, గుండెజబ్బు మనిషి, కాన్సరు మందులు తీసుకుంటున్న మనిషి బయటికి వచ్చేశారు. అవసరమైతే లైన్లోంచి బయటికి వెళ్ళి మళ్ళీ వచ్చి కలవండి అని వాళ్ళకి ఇంకో పద్ధతి చెప్తున్నారు. ఒంటరిగా పిల్లలతో వచ్చిన తల్లి లైన్లోంచి బాత్రూముకి పరిగెడితే పిల్లల దగ్గర ఎవరుంటారన్నది వాళ్ళ ప్రశ్న. 2025 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో దీని మీద కేసు పడింది, తమలాంటి వాళ్ళందరి తరఫునా.

ఇంకోవైపు యూనివర్సల్ వాళ్ళు 2023లో వేరే దారి పట్టారు. ఐబీసీసీఈఎస్ అనే బయటి సంస్థ దగ్గర ముందుగా నమోదు చేసుకుని, కాగితాలు చూపించి కార్డు తెచ్చుకోవాలి. సిక్స్ ఫ్లాగ్స్‌లోనూ ఆ కార్డే. మన సదరం సర్టిఫికెట్టు సముద్రం దాటి వచ్చినట్టుంది కదూ! ఒకచోట చూపిస్తే చాలా పార్కుల్లో చెల్లుతుంది, అది సుఖమే. మన మాట మీద నమ్మకం బదులు కాగితం మీద నమ్మకం వచ్చింది, అది నష్టం. నాకు ఏది మేలో ఇప్పటికీ తేలలేదు గానీ, బాధ ఎంత ఉందో అపరిచితుడికి వీడియోలో వర్ణించి చెప్పడం కన్నా డాక్టరు ఉత్తరం ఇచ్చెయ్యడమే నయమనే తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు.

వేరే రకంగా ఆలోచించినవాళ్ళూ ఉన్నారు. టెక్సస్‌లో శాన్ ఆంటోనియోలో గోర్డన్ హార్ట్‌మన్ అనే ఇళ్ళు కట్టే వ్యాపారి, తన కూతురు మోర్గన్ పేరు మీద 2010లో మోర్గన్స్ వండర్‌లాండ్ అనే పార్కు తెరిచాడు. అక్కడ రంకులరాట్నంలో, ఊయలలో కుర్చీ దిగకుండానే ఎక్కొచ్చు. వైకల్యం ఉన్నవాళ్ళకి టికెట్టు లేదు. దీనికి చాలా ముందే, నాజీల ఆష్విట్జ్ శిబిరం నుంచి బతికి బయటపడి ఫ్లోరిడాలో హోటళ్ళు నడిపిన హెన్రీ లాండ్‌విర్త్ అనే ఆయన, 1986లో గివ్ కిడ్స్ ది వరల్డ్ అనే సంస్థ పెట్టాడు. ల్యుకేమియాతో ఉన్న ఒక పాప ఆయన హోటల్లో దిగి పార్కులు చూడాల్సింది. ప్రయాణం కాగితాలు పూర్తయ్యేలోపే చనిపోయింది. ఎదురుచూపు అంటే ఏమిటో ఆయనకి అర్థమైనంతగా ఏ కోర్టుకీ అర్థం కాలేదేమో. కిసిమీలో ఆ సంస్థ గ్రామంలో ఇప్పుడు జబ్బు పిల్లలు కుటుంబాలతో సహా వారం రోజులు డబ్బు కట్టకుండా ఉంటారు. ఇక పెన్సిల్వేనియాలోని సెసమీ ప్లేస్ 2018లో ఆటిజం కేంద్రంగా ధృవీకరణ పొందిన మొదటి థీమ్ పార్కు అయింది. చప్పుడు లేని గదులు, ఏ రైడులో ఎంత శబ్దం, ఎంత వెలుతురు ఉంటుందో ముందే చెప్పే పట్టికలు అక్కడ ఉంటాయి. లైను చిన్నది చెయ్యడం ఒక్కటే దారి కాదని వీటిని చూస్తే తెలుస్తుంది.

చివరగా, వంటింట్లో గొంతు తగ్గించి మాట్లాడే ఆ తల్లికి రెండు మాటలు. వీడియో కాల్లో జబ్బు పేరు ఒక్కటే చెప్పి ఊరుకోకండి. లైన్లో మీవాడికి ఏం జరుగుతుందో చెప్పండి. ఎన్ని నిమిషాలకి మొదలవుతుంది, ఎలా మొదలవుతుంది, పక్కవాళ్ళకి దెబ్బ తగిలే ప్రమాదం ఉందా, వెనక్కి తిప్పితే ఏమవుతుంది. చట్టం కూడా చూసేది జబ్బు పేరుని కాదు, అవసరాన్ని. మనం బయటివాళ్ళకి ఇవన్నీ చెప్పుకోం. "కొంచెం మాటలు ఆలస్యం అండీ" అని సర్దేస్తాం. అక్కడ అలా సర్దేస్తే కార్డు రాదు. ఎవరికి కావాలో ఆ పిల్లవాడు కూడా కాల్లో ఉండాలి. ఇంగ్లీషులో గబగబా చెప్పడం కష్టమైతే ముందే కాగితం మీద రాసుకుని పెట్టుకోండి. ప్రయాణానికి ముందే చేసుకోండి. ఏ పార్కు నిబంధన ఎప్పుడు మారుతుందో తెలియదు కనుక, టికెట్లు కొనేముందు వాళ్ళ వెబ్‌సైటులో ఆరోజు ఏం రాసి ఉందో చూడండి.